జూబిలీ హాలుకు వెళ్ళివచ్చాం

మొన్న ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు కాగితాల సంచీ పట్టుకుని దిగాడు. ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా, "అక్కయ్యా, బందరు ఇల్లు అమ్మేద్దాం. బేరం కుదిరింది. నువ్వొక సంతకం పెడితే పని పూర్తవుతుంది" అన్నాడు.

బందరు ఇల్లంటే మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు. వీధి అరుగు, నడవ, మండువా, వెనక పెరడు, పైన ఒక చిన్న మేడ. మూడేళ్ళ కిందటి దాకా మా మేనత్త ఒక్కతే అందులో ఉండేది. నూతి దగ్గర జారిపడ్డ తరువాత ఆవిడను బెజవాడ తీసుకువచ్చి మా ఇంట్లో పెట్టుకున్నాం. అప్పటినుంచీ ఇంటికి తాళం. పెంకులు జారిపోతున్నాయి. దూలాలకు చెద పట్టింది. వానాకాలం వచ్చిందంటే మా తమ్ముడి గుండెల్లో రాయి పడుతుంది. వాడి బాధ వాడిది, కాదనను.

అయినా నాకు ప్రాణం ఒప్పలేదు. అందుకు కారణం మా చెల్లెలి కొడుకు. వాడు స్కాట్లండులో, ఎడింబరో నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. పోయిన నెల ఫోనులో కొన్ని ఫొటోలు పంపాడు. ఆ వూరి కోట దగ్గర్నుంచి దిగివచ్చే పాతవీధిలో గ్లాడ్‌స్టన్స్ లాండ్ అని ఒక ఇరుకైన ఆరంతస్తుల ఇల్లు ఉన్నదట. 1617లో థామస్ గ్లెడ్‌స్టేన్స్ అనే వర్తకుడు దాన్ని కొని, తాను ఉండగా మిగిలిన భాగాలు అద్దెకిచ్చుకున్నాడట. మూడువందల యేళ్ళు గడిచేసరికి ఇల్లు శిథిలమై, కూలగొట్టడానికి సిద్ధమయింది. 1934లో అక్కడి నేషనల్ ట్రస్టు వారు దాన్ని తీసుకుని కాపాడారు. బాగుచేస్తుంటే లోపల దాగివున్న పాత రంగుల పైకప్పు, దానిమీద వేసిన పూలూ పళ్ళూ బయటపడ్డాయట. ఇప్పుడది మ్యూజియం. రాజుల కొంప కాదు, మంత్రుల కొంప కాదు, ఓ వ్యాపారీ ఆయన అద్దెవాళ్ళూ కాపురమున్న ఇల్లు! డబ్బిచ్చి మరీ చూస్తారట జనం.

ఆ ఫొటోలు చూసినప్పటినుంచీ నా మనసులో ఒక కోరిక మొలిచింది. అదే పైకి అనేశాను. "ఎందుకురా అమ్మడం? మనమూ దాన్ని బాగుచేయించి మ్యూజియంలాగా ఉంచుదాం" అన్నాను.

మా తమ్ముడు పకపకా నవ్వాడు. "మ్యూజియం మనూళ్ళోనే ఉంది గదా! బందరు రోడ్డు మీద ఎన్ని వేలసార్లు దాని ముందునుంచి వెళ్ళివుంటావు? ఒక్కసారైనా లోపలికి వెళ్ళావా?" అన్నాడు.

నా నోరు మూతపడింది. నలభై యేళ్ళుగా బెజవాడలో కాపురం. బస్సులోంచి చూడడమే గాని, ఆ గేటు దాటింది లేదు. మీలో కూడా కొందరు నా బాపతు వాళ్ళే ఉంటారని నా అనుమానం.

"సరే, చూసివచ్చాకే సంతకం సంగతి" అని వాణ్ణి పంపేసి, మర్నాడు మధ్యాహ్నం మా మనవరాలు చిన్నిని వెంటబెట్టుకుని బయలుదేరాను. దానికి పదకొండేళ్ళు. బడికి సెలవు. చేతిలో ఒక నోటుపుస్తకం కూడా పెట్టుకుంది.

దీని పేరు ఇప్పుడు బాపూ మ్యూజియం. మా పెద్దవాళ్ళకు మాత్రం జూబిలీ హాలే. 1887లో విక్టోరియా రాణి గద్దెనెక్కి 50 యేళ్ళు నిండాయని సామ్రాజ్యమంతటా ఉత్సవాలు చేశారు. ఆ జ్ఞాపకంగానే బెజవాడలో ఈ కట్టడానికి పునాది పడింది. చేతిపనుల వస్తువులూ, పరిశ్రమల సరుకులూ నలుగురికీ చూపించే ప్రదర్శనశాలగా ఉండాలని ఉద్దేశం.

అప్పటి బెజవాడ ఎలా ఉండేదో కాస్త ఊహించుకోండి. కృష్ణమీద ఆనకట్ట పూర్తయింది 1855లో. కాలవలు పారి డెల్టా పచ్చబడింది. కాని నదిమీద రైలు వంతెన ఇంకా లేదు. అది 1893లో వచ్చింది. ఊరింకా పెద్ద ఊరు కాలేదన్న మాట. అలాంటి చోట దొరగారి రాణి పేరు మీద ఇంత కట్టడం లేచింది.

శంకుస్థాపన చేసిన అధికారి పేరు రాబర్ట్ స్యూయెల్. ఈయన ఉత్త దొర కాదు. చరిత్ర అంటే చెవి కోసుకునే మనిషి. విజయనగర సామ్రాజ్యం మీద ఈయన వ్రాసిన గ్రంథం 1900లో వచ్చింది. హంపీ చరిత్ర చదివేవాళ్ళు ఈనాటికీ దాన్ని తిరగవేస్తారు. అంతకుముందే 1877లో మన అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు చేయించాడు. అమరావతి శిల్పాలలో చాలాభాగం మద్రాసుకూ, లండనుకూ తరలిపోయాయన్న సంగతి మీకు తెలిసిందే. కృష్ణ ఒడ్డున రాళ్ళు తవ్వించిన మనిషే ఈ హాలుకు పునాదిరాయి వేయడం, తరువాత తరువాత అదే హాలు కృష్ణ ఒడ్డున దొరికిన విగ్రహాలకు నీడ కావడం చిత్రంగా లేదూ?

లోపల అల్లూరులో దొరికిన బుద్ధుడు నిలబడి ఉన్నాడు. తెల్లటి సున్నపురాయి. మడతలు పడ్డ వస్త్రం ఒంటిమీద నీళ్ళు జారినట్టు జారింది. చిన్ని ఆ మడతలను వేలితో గాలిలో గీసి చూసుకుంది. ఆ పైన కత్తులు, డాళ్ళు, నాణేలు, రాతియుగపు పనిముట్లు. అన్నీ చూసుకుంటూ వెళ్ళాం. కాని నేను వెళ్ళింది వాటికోసం కాదు. ఆ నాలుగు గోడల కోసం.

ఎందుకంటే 1921లో ఈ గోడలు ఇంకొక సంగతి చూశాయి. ఆ యేడు మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘం బెజవాడలో సమావేశమైంది. గాంధీగారు వచ్చారు. తిలక్ స్వరాజ్య నిధికి ఒక కోటి రూపాయలు, కాంగ్రెసులో ఒక కోటి మంది సభ్యులు, ఇళ్ళల్లో 20 లక్షల రాట్నాలు, ఇదంతా జూన్ ఆఖరులోగా కావాలని తీర్మానించారు. దేశమంతా దానికి బెజవాడ కార్యక్రమం అని పేరు పెట్టుకుంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి రామదండు వాలంటీర్లు వచ్చిన జనాన్ని చూసుకున్నారు.

అక్కడే గాంధీగారి చేతికి ఒక జెండా ఇచ్చారు పింగళి వెంకయ్యగారు.

ఆయన మన డెల్టా మనిషి. బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధంలో పనిచేశారు. కంబోడియా పత్తి మీద పరిశోధనలు చేశారు గనుక పత్తి వెంకయ్య. జపాను భాష నేర్చి ఉపన్యసించారు గనుక జపాన్ వెంకయ్య. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు. దేశానికొక పతాకం కావాలన్నది ఆయన పట్టుదల. 1916లోనే ముప్ఫై నమూనాలతో ఒక పుస్తకం అచ్చువేయించారు. కాంగ్రెసు సభలకు వెళ్ళినప్పుడల్లా అదే ప్రస్తావన.

తరువాత జరిగిన కథ గాంధీగారే 1921 ఏప్రిల్ 13 నాటి 'యంగ్ ఇండియా'లో వ్రాసుకున్నారు. జెండామీద రాట్నం ఉండాలని మొదట సూచించింది జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌గారు. ఆ మాట గాంధీగారికి నచ్చింది. బెజవాడలో వెంకయ్యగారిని పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నం ఉండేలా ఒక నమూనా తయారు చేయమన్నారు. వెంకయ్యగారు మూడు గంటల్లో తెచ్చి ఇచ్చారు. మూడే గంటలు! ముప్ఫై రకాలు ఎప్పటినుంచో బుర్రలో నానుతున్న మనిషికి మూడు గంటలు చాలవూ?

కాని ఆ మూడు గంటలకే కాస్త ఆలస్యమైంది. సంఘం ముందు పెట్టడానికి వేళ మించిపోయింది.

నేను ఆ సంగతి చెప్పగానే చిన్ని, "అయ్యో పాపం!" అన్నది.

"పాపమేమీ లేదే. ఆలస్యమవడమే మంచిదయిందని గాంధీగారే అన్నారు" అని చెప్పాను. తీరిగ్గా ఆలోచించుకుంటే ఆ రెండు రంగులూ హిందువులకూ, ముస్లిములకూ మాత్రమే గుర్తులైనాయి, మరి మిగిలిన మతాలవారి మాటేమిటి అని ఆయనకు తోచింది. అందుకని తెలుపు కూడా చేర్చారు. ఆ వేళకే జెండా అంది సభ ఆమోదించేసి ఉంటే, తెల్లరంగు సంగతి ఎప్పటికి తేలేదో! మన ఇళ్ళల్లో పెళ్ళివంటల దగ్గర చూడండి, ఆలస్యమైందని కసురుకుంటాంగాని, ఒక్కొక్కప్పుడు ఆ ఆలస్యమే ఉప్పు మరిచిపోయిన పులుసును కాపాడుతుంది.

అక్కడినుంచి ఆ జెండా ప్రయాణం మీకు తెలుసు. 1931లో కాంగ్రెసు వారు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ, మధ్య రాట్నం అని నిర్ణయించారు. 1947 జులై 22న రాజ్యాంగసభ రాట్నం స్థానంలో అశోక చక్రాన్ని ఉంచి జాతీయ పతాకంగా ఆమోదించింది. రాణిగారి జూబిలీకని కట్టిన హాలు, ఆవిడ జెండాను దించిన జెండాకు పురుడుపోసిన ఇల్లయింది. కట్టించినవాళ్ళు ఒకందుకు కట్టిస్తారు. వచ్చి కూర్చున్నవాళ్ళు దానికి ఇంకొక అర్థం తెస్తారు. ఇల్లేం చేస్తుంది పాపం, ఇద్దరికీ నీడ ఇస్తుంది.

1962లో ఈ హాలు పురావస్తు శాఖవారి మ్యూజియం అయింది. ఈ మధ్య మరమ్మతులకని కొన్నేళ్ళు మూసి ఉంచి, 2020 అక్టోబరు 1న, గాంధీజయంతి ముందురోజున, బాపూ పేరు పెట్టి మళ్ళీ తెరిచారు. అవన్నీ చిన్ని తన నోటుపుస్తకంలో సంవత్సరాలతో సహా వ్రాసుకుంది. వ్రాసుకుని, పెన్ను నోట్లో పెట్టుకుని, "మరి వెంకయ్య తాతగారు ఎప్పుడు చనిపోయారు అమ్మమ్మా?" అని అడిగింది.

"1963 జులై 4న."

"ఎక్కడ?"

"ఇక్కడే, విజయవాడలోనే."

అది వేళ్ళమీద లెక్క కట్టుకుంది. "అంటే ఇది మ్యూజియం అయ్యేటప్పటికి ఆయన ఇదే ఊళ్ళో ఉన్నారా? అయితే ఆయన్నే పిలిచి ఇక్కడ కూర్చోబెట్టి, అందరికీ చెప్పించవచ్చు గదా? ఆయన్ని ఎవరైనా అడిగారా?"

నేను జవాబు చెప్పలేదు. ఏం చెప్పను? ఆయన చివరి రోజులు బీదరికంలో గడిచాయి. ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ వచ్చింది 2009లో. గోడలకు సున్నం వేయడానికి మనకు తీరిక చిక్కుతుంది. రాళ్ళకు చీటీలు అతికిస్తాం, కత్తులకు అద్దాల బీరువాలు చేయిస్తాం. పక్క వీధిలో ముసలాయన మాత్రం మనకు గుర్తు రాడు. కాలం చేశాక శిలావిగ్రహం కట్టించి దండవేస్తాం.

ఇంటికి వస్తున్నంతసేపూ ఆటోలో చిన్ని ఏదో మాట్లాడుతూనే ఉంది. నాకు దాని ప్రశ్న ఒక్కటే చెవుల్లో మోగుతూ ఉంది. ఆయన్ని ఎవరైనా అడిగారా?

గుమ్మంలో చెప్పులు విప్పుతూ వెనక గదివైపు చూశాను. మా అత్తయ్య మంచంమీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. తొంభై దాటిన మనిషి. మూడేళ్ళుగా మా ఇంట్లో ఉంది. నేను ఆవిడతో రోజూ మాట్లాడతాను, లేదనడం లేదు. "మాత్ర వేసుకున్నావా అత్తయ్యా?" "పెరుగన్నం కలపనా?" ఈ రెండు మాటలే. బందరు ఇంటి దూలాలకోసం నేనూ మా తమ్ముడూ పోట్లాడుకుంటున్నాం. ఆ ఇంట్లో పుట్టి, పెరిగి, ఎనభై యేళ్ళకు పైగా బతికిన మనిషిని మాత్రం ఇంటి సంగతి మాటమాత్రమైనా అడగలేదు. ఏ మొహం పెట్టుకుని ఊరిని తప్పుపట్టను?

వెళ్ళి మంచంమీద ఆవిడ పక్కన కూర్చున్నాను. చిన్ని కింద చాపమీద కూర్చుంది. జూబిలీ హాలు కబుర్లు చెప్పాం. జెండా మాట రాగానే అత్తయ్య చేతిలో వత్తి ఆగిపోయింది.

"జెండా నేనూ చేశానే" అన్నది.

మాకు నోట మాట లేదు.

"మా నాన్న దగ్గర రాట్నం జెండా ఉండేది. నలభై యేడులో స్వరాజ్యం వస్తోందన్నారు. రాట్నం తీసేసి చక్రం పెట్టారని పత్రికలో పడింది. కొత్త ఖద్దరు కొందామంటే బజార్లో దొరకలేదు. నాకప్పుడు పన్నెండో పదమూడో. రాత్రి దీపం ముందు కూర్చుని రాట్నం కుట్టు అంతా విప్పేశాను. సోలెడు కుంచం బోర్లించి గుండ్రంగా గీశాను. నీలం సిరాతో ఆకులు వేశాను. ఇరవై నాలుగు ఉండాలిట. తెల్లారి మా నాన్న లెక్కపెడితే ఇరవై మూడే వచ్చినయ్. ఏడుపొచ్చింది. ఫరవాలేదులే, గాలికి ఎగురుతుంటే ఎవరు లెక్కపెడతారన్నాడు నాన్న. నాకు మనసొప్పలా. మధ్యలో ఇంకోటి ఇరికించాను. అక్కడ రెండాకులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటయ్. మేడమీద వెదురుగడ కట్టి ఎగరేశాం. వీధి వీధంతా వచ్చి మన అరుగుమీద కూర్చున్నారు. అమ్మ అందరికీ పానకం పోసింది."

చిన్ని కలం ఆగకుండా వ్రాస్తోంది. "ఆ జెండా ఏమైంది తాతమ్మా?" అన్నది.

"మేడమీద భోషాణంలో పెట్టాను. ఎలుకలు కొట్టాయో ఏమో."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తయ్యా?" అన్నాను. అనగానే నాలుక కరుచుకున్నాను.

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే, "మీరు పనుల్లో ఉంటారు గదే" అన్నది, మళ్ళీ వత్తి చేతిలోకి తీసుకుంటూ.

కాసేపాగి నేనే అడిగాను. "తమ్ముడు ఇల్లు అమ్మేద్దామంటున్నాడు. నీకు ఇష్టమేనా?"

"ఇష్టానిష్టాలకేముంది? కూలిపోయేదాన్ని ఎంతకాలం మోస్తారు? పిల్లలకు చదువులున్నాయి. అమ్మండి. అమ్మేముందు ఒక్కసారి నన్ను తీసుకెళ్ళి మండువాలో కూర్చోబెట్టండి. ఎక్కడేం జరిగిందో చెబుతాను."

ఆ రాత్రే మా తమ్ముడికి ఫోను చేశాను. సంగతంతా విని వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆదివారం కారు తీసుకువస్తాను. అత్తయ్యకు ముందు సీటు. కొనేవాడికి నెల్లాళ్ళు ఆగమని చెబుతాను" అన్నాడు.

సంతకం ఇంకా పెట్టలేదు. పెడతానో లేదో వచ్చే వారానికి తేలుతుంది. ఎడింబరోలో లాగా మన మండువా ఇళ్ళన్నీ మ్యూజియాలు కాలేవని నాకూ తెలుసు. అందుకు ట్రస్టులూ, శాఖలూ, డబ్బూ కావాలి. అవి ఉన్నచోట మనం కనీసం వెళ్ళి చూడాలి. బెజవాడ వస్తే బందరు రోడ్డుమీద బాపూ మ్యూజియం ముందు ఒకసారి ఆగండి, పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వెళ్ళండి. మూడు గంటల్లో తయారై, ఆలస్యంగా అందిన ఆ జెండా కథ వాళ్ళకు అక్కడే నిలబడి చెప్పండి.

ఆ తరువాత ఇంటికి వచ్చి, వెనక గదిలో ఎవరున్నారో చూడండి.

చిన్ని నోటుపుస్తకంలో ఆరు పేజీలు నిండాయి. ఏడో పేజీమీద 'భోషాణం' అని వ్రాసి, కింద గీత గీసి, ఖాళీగా వదిలిపెట్టింది. ఆదివారం బందరు వెళ్ళి వచ్చాక నింపుతుందట.